మీకు తెలుసా? రిసర్ గారి అరవై నాలుగేళ్లు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడింది. ఐదు రోజులు తిరిగాక, నవంబరు 6న, అమెరికాలో ఎన్నికలు జరిగాయి. విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌లో ఇరవై తొమ్మిదేళ్ల లాయరొకాయన మొదటిసారి శాసనసభకి గెలిచారు. పేరు ఫ్రెడ్ రిసర్. మన రాష్ట్రం పుట్టి, పెరిగి, 2014లో రెండయ్యాక కూడా ఆయన అక్కడి చట్టసభలోనే ఉన్నారు. 2021 జనవరిలో కుర్చీ దిగేసరికి వయసు తొంభై మూడు, సర్వీసు అరవై నాలుగేళ్లు.

అమెరికా ప్రెసిడెంట్ల గురించి మనవాళ్లు టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకుంటారు. అక్కడి ఎమ్మెల్యేల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. రాష్ట్ర యూనివర్సిటీలకిచ్చే డబ్బు నుంచి రోడ్డు మీద కారు స్పీడు దాకా తేల్చేది ఎక్కువగా వాళ్లే. అందుకే ఈసారి ఆ రిసర్ గారి చుట్టూ అల్లుకున్న కొన్ని ముచ్చట్లు.

పన్నెండు మంది ప్రెసిడెంట్లు మారారు

రిసర్ మొదటిసారి ప్రమాణం చేసినప్పుడు అమెరికా ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్. చివరిరోజు నాటికి ట్రంప్, అది కూడా మొదటి విడత. ఈ ఇద్దరినీ కలుపుకుని లెక్కేస్తే పన్నెండు మంది. 1957 నుంచి అసెంబ్లీలో ఉన్నారు. 1962లో ఉప ఎన్నికలో నెగ్గి సెనేట్‌కి మారారు, ఇక అక్కడే. వాషింగ్టన్‌లోని కాంగ్రెస్‌లో అందరికంటే ఎక్కువకాలం కూర్చున్న మిషిగన్ నేత జాన్ డింగెల్ లెక్క యాభై తొమ్మిదేళ్లు. దేశం మొత్తం మీద రాష్ట్ర సభల్లోగానీ కాంగ్రెస్‌లోగానీ రిసర్‌ని మించినవాళ్లు లేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళంలో కూడా పనిచేశారు.

సెనేటర్ అంటే ఎమ్మెల్సీ కాదు

రాష్ట్ర సెనేట్ అనగానే మనకి శాసనమండలి గుర్తొస్తుంది. రెండింటికీ పోలిక పేరులోనే. అక్కడ రెండు సభలకీ జనమే నేరుగా ఓటేసి పంపుతారు. పట్టభద్రుల కోటా, స్థానిక సంస్థల కోటా, నామినేషన్ లాంటివి ఉండవు. విస్కాన్సిన్ అసెంబ్లీలో 99 మంది, రెండేళ్లకోసారి ఎన్నిక. సెనేట్‌లో 33 మంది, నాలుగేళ్లకోసారి. పక్కపక్కనున్న మూడు అసెంబ్లీ సీట్లు కలిపితే ఒక సెనేట్ సీటు.

గవర్నర్ అన్నా మన గవర్నర్ కాదు. ఆయన్ని కూడా జనమే ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి చేసే పని చేస్తారు. ఎమ్మెల్యేలు అటు దూకినా ఇటు దూకినా ఆయన ప్రభుత్వం పడిపోదు. కాబట్టి రిసార్టు రాజకీయాలకి అక్కడ చోటు లేదు. లేదా అంటే... ఒక్కసారి మాత్రం హోటలు దాకా వెళ్లింది. ఆ కథ కాసేపట్లో.

రెండు సభలు దేనికి దండగ అని 1985లో మన శాసనమండలిని రద్దుచేసి, 2007లో మళ్లీ తెచ్చుకున్నాం. నెబ్రాస్కా రాష్ట్రం ఇదే మాట అనుకుని 1937లో ఒకే సభకి మారింది. ఇప్పటికీ అమెరికాలో ఒకే సభ ఉన్న రాష్ట్రం అదొక్కటే. వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగు తరాలు, నాలుగు జెండాలు

రిసర్ వాళ్లింట్లో చట్టసభ వంశపారంపర్యం. ముత్తాత క్లెమెంట్ వార్నర్ అంతర్యుద్ధంలో చెయ్యి పోగొట్టుకుని వచ్చి సెనేటరయ్యారు. తాత ఎర్నెస్ట్ వార్నర్ అసెంబ్లీలో కూర్చున్నారు. తండ్రి సెనేటర్. ఇందులో కొత్తేముంది, మన దగ్గరా ఇంటికో వారసుడున్నాడు కదా అంటారా? తేడా జెండాలో ఉంది. ముత్తాత యూనియనిస్టు, తాత రిపబ్లికన్, తండ్రి ప్రోగ్రెసివ్ పార్టీ, ఈయన డెమొక్రాట్. సీటు సంగతేమో గానీ, పార్టీ మాత్రం ఎవరిది వాళ్లే వెతుక్కున్నారు.

టోపీ మీద జంతువు

రిసర్ అన్నేళ్లు ఎక్కిదిగిన భవనం కూడా చూడదగ్గదే. మాడిసన్‌లో రెండు చెరువుల మధ్య మెట్ట మీద, 1906 నుంచి 1917 దాకా కట్టారు. గుమ్మటం మొత్తం గ్రానైటు. గ్రానైటు గుమ్మటమున్న రాష్ట్ర చట్టసభ అమెరికాలో ఇదొక్కటే. ఎత్తు 284 అడుగులు. వాషింగ్టన్ కేపిటల్ కంటే మూడంటే మూడడుగులు తక్కువ.

గుమ్మటం చివర బంగారు పూతతో ఓ స్త్రీమూర్తి, పేరు కూడా విస్కాన్సిన్. కింద నుంచి చూస్తే తెలియదు కానీ, ఆవిడ శిరస్త్రాణం మీద ఓ చిన్న బాడ్జర్ కూర్చుని ఉంటుంది. బొరియలు తవ్వే ఆ జంతువు విస్కాన్సిన్ రాష్ట్ర చిహ్నం. శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్. వాషింగ్టన్‌లో కుర్చీలో కూర్చున్న పెద్ద లింకన్ విగ్రహం చేసింది కూడా ఆయనే.

మీట నొక్కడం మొదలైంది ఇక్కడే

1917లో విస్కాన్సిన్ అసెంబ్లీ సభ్యుల బల్లలకి మీటలు బిగించింది. నొక్కితే ఓటు బోర్డు మీద వెలిగేది. చట్టసభలో కరెంటుతో నడిచే ఓటింగ్ యంత్రం వాడటం అదే మొదలు. అదే భవనంలో ఉన్న సెనేట్ మాత్రం ఆ జోలికి పోలేదు. గుమాస్తా ఒక్కొక్కరి పేరూ పిలవాలి, పిలిచినవాళ్లు నోరు తెరిచి అవుననో కాదనో చెప్పాలి. 33 మందే కదా, ఎంతసేపు పడుతుంది! రిసర్ జీవితంలో అరవై ఏళ్లకి దగ్గరగా ఆ పిలుపుకి పలకడంలోనే గడిచింది.

వెన్న యుద్ధం

విస్కాన్సిన్ పాడి రాష్ట్రం. కార్ల నంబరు ప్లేట్ల మీద కూడా "అమెరికా పాడిసీమ" అని రాసుకుంటారు. నూనెతో చేసే మార్జరీన్, అంటే మన డాల్డాకి దూరపు చుట్టం, వెన్నలా పసుపుపచ్చ రంగు వేసుకుని బజారుకి వస్తే రైతు ఏం కావాలి? అందుకే 1895లోనే రంగు మార్జరీన్ అమ్మకాన్ని నిషేధించారు. నిషేధం డెబ్భై ఏళ్లు దాటి 1967 దాకా నడిచింది. జనం ఊరుకుంటారా! కార్లేసుకుని సరిహద్దు దాటి ఇల్లినాయ్ వెళ్లి, డిక్కీ నిండా మార్జరీన్ డబ్బాలు నింపుకొచ్చేవాళ్లు. మన దగ్గర పక్క రాష్ట్రం నుంచి మందు సీసాలు దొంగచాటుగా తెచ్చుకున్నట్టు, అక్కడ వెన్నలాంటిది తెచ్చుకునేవాళ్లు.

నిషేధం ఉండాల్సిందేనని సెనేట్‌లో గొంతు చించుకున్నవాళ్లలో గార్డన్ రోస్‌లీప్ అనే రిపబ్లికన్ ముందుండేవారు. 1960ల్లో ఓసారి ఆయన అందరి ముందూ పందానికి దిగారు. చూడకుండా రుచి చూసి ఏది వెన్నో చెప్పేస్తానన్నారు. రుచి చూశారు. మార్జరీన్‌ని పట్టుకుని ఇదే అసలు వెన్న అన్నారు! అంత వెన్నప్రియుడు ఎలా పొరబడ్డారు? ఆయన పోయాక ఇంట్లోవాళ్లే గుట్టు విప్పారు. ఆయన ఒళ్లు చూసి, ఆరోగ్యం కోసమని భార్య ఎప్పటి నుంచో చప్పుడు చెయ్యకుండా ఇంట్లో మార్జరీనే పెడుతున్నారట. సభలో చట్టం ఎవరు చేసినా వంటింటి చట్టం వేరు.

కొసమెరుపు ఏంటంటే, విస్కాన్సిన్ హోటల్లో గిరాకీ అడగకుండా వెన్నకి బదులు మార్జరీన్ వడ్డించడం ఈనాటికీ చట్టం ప్రకారం తప్పే.

గవర్నర్ గారి కలం

విస్కాన్సిన్ గవర్నర్‌కున్న వీటో తీరే వేరు. ఖర్చుల బిల్లుల్లో నచ్చని ముక్కలు కొట్టేసి మిగతాది చట్టం చెయ్యొచ్చు. ఆ ముక్క ఎంత చిన్నదైనా ఫర్వాలేదన్నప్పుడు తమాషా మొదలైంది. తెలుగులో ఎలా ఉంటుందో చూడండి. బిల్లులో "పన్ను పెంచకూడదు, తగ్గించవచ్చు" అని ఉందనుకుందాం. మధ్యలో "కూడదు, తగ్గించ" అన్నదాన్ని గీత పెట్టి కొట్టెయ్యండి. ఏం మిగిలింది? "పన్ను పెంచవచ్చు"!

1980ల్లో గవర్నర్లు అచ్చంగా ఇలాగే అక్షరాలు ఏరి కొత్త మాటలు పుట్టించారు. టీవీ పోటీలో అక్షరాలు తిప్పి చూపించే వానా వైట్ పేరు మీద జనం దానికి "వానా వైట్ వీటో" అని పేరు పెట్టారు. 1990లో రాజ్యాంగం సవరించి అక్షరాలు కొట్టెయ్యడం ఆపారు. 2008లో వేర్వేరు వాక్యాల ముక్కలు అతికించడం ఆపారు. దానికి పెట్టిన పేరు "ఫ్రాంకెన్‌స్టీన్ వీటో". అంకెల సంగతి మర్చిపోయారు. 2023లో గవర్నర్ టోనీ ఎవర్స్ స్కూళ్ల నిధుల బిల్లులో 2024-25 అని ఉన్నచోట ఒక "20"ని, ఒక అడ్డగీతని కొట్టేశారు. అది 2425 అయింది. రెండేళ్లకనుకున్న పెంపు నాలుగొందల ఏళ్లకి సాగింది. 2025లో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో అది చెల్లుతుందనేసింది.

రిసర్‌కి ఈ కలంతో పాత తగువు. గవర్నర్ టామీ థాంప్సన్ బిల్లులోని రుణాల అంకె కొట్టేసి చిన్న అంకె సొంతంగా రాసుకుంటే, రిసర్ కోర్టుకెక్కారు. రిసర్ వర్సెస్ క్లాసర్ అనే ఆ కేసులో 1997లో రాష్ట్ర సుప్రీంకోర్టు రిసర్ పక్షానే తీర్పిచ్చింది. నేరుగా ఖర్చుకి కేటాయించిన మొత్తమైతేనే గవర్నర్ అంకె మార్చి రాయొచ్చు, మిగతా అంకెల జోలికి పోకూడదని.

పొగ మానిపించిన చట్టం

విస్కాన్సిన్‌లో వీధికో బారు. చలికాలం మంచు గడ్డకడితే జనం చేరేది అక్కడికే. అలాంటిచోట సిగరెట్టు ఆర్పించడం ఒక్క సమావేశంలో అయ్యే పని కాదు. రెస్టారెంట్లు, బార్లు, ఆఫీసులన్నిట్లోనూ పొగ నిషేధించే చట్టం 2009లో నెగ్గి, 2010 జులై 5 నుంచి అమలైంది. దాన్ని ముందుండి నడిపినవాళ్లలో రిసర్ ఒకరు. అప్పటికాయనకి ఎనభై మూడేళ్లు. ఒకే కుర్చీలో చాలాకాలం కూర్చోవడంలో లాభం ఇదే. ఓడిన బిల్లుని మళ్లీ పట్టుకొచ్చే తీరిక ఉంటుంది.

పద్నాలుగు మంది మాయం

ఇప్పుడా హోటలు కథ. 2011లో కొత్త గవర్నర్ స్కాట్ వాకర్ ప్రభుత్వోద్యోగుల సంఘాలకి బేరమాడే హక్కు చాలామటుకు తీసేసే బిల్లు తెచ్చారు. సెనేట్‌లో రిపబ్లికన్లు 19, డెమొక్రాట్లు 14. ఓటింగ్ జరిగితే ఓటమి ఖాయం. కానీ విస్కాన్సిన్ రాజ్యాంగంలో ఓ మెలిక ఉంది. మామూలు బిల్లుకి సగానికి పైన సభ్యులుంటే చాలు, డబ్బుతో ముడిపడ్డ బిల్లుకి అయిదింట మూడొంతుల మంది సభలో ఉండాలి. అంటే 20 మంది. అధికారపక్షానికి ఒక్క తల తక్కువ!

ఫిబ్రవరి 17న గుమాస్తా పేర్లు పిలిచే వేళకి పద్నాలుగు కుర్చీలు ఖాళీ. సభ్యుల్ని వెతికి తెమ్మని పోలీసుల్ని పంపారు. అప్పటికే వాళ్లు సరిహద్దు దాటి ఇల్లినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో ఓ హోటలు చేరారు. విస్కాన్సిన్ పోలీసుకి అక్కడ అధికారం లేదు. ఒకప్పుడు మార్జరీన్ కోసం జనం దాటిన సరిహద్దే! వాళ్లందరిలోకీ పెద్దాయన రిసర్.

ఇవతల మాడిసన్‌లో వేలమంది చట్టసభ భవనంలోకి వచ్చి చలువరాతి నేల మీదే దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఫోన్లో డబ్బు కట్టి వాళ్లకి పిజ్జాలు పంపించారు. అధికారపక్షం కూడా తక్కువ తినలేదు. పారిపోయినవాళ్ల జీతం బ్యాంకులో వెయ్యకుండా ఆపి, సభకొచ్చి చేత్తో తీసుకోండని కబురు పెట్టింది.

దాదాపు మూడు వారాలు గడిచాక మార్చి 9న రిపబ్లికన్లు ఉపాయం కనిపెట్టారు. బిల్లులోంచి డబ్బు సంగతులు విడదీసేశారు. ఇక 20 మందితో పనిలేదు. సెనేట్‌లో 18-1తో నెగ్గింది. మార్చి 12న పద్నాలుగు మందీ తిరిగొచ్చేసరికి చట్టసభ చుట్టూ రైతులు ట్రాక్టర్లతో ఊరేగుతున్నారు. ఓడి వచ్చినవాళ్లకి పెళ్లివారి స్వాగతం దొరికింది.

లింకన్ కిటికీ

ఈ పారిపోయే విద్య రిసర్ కనిపెట్టింది కాదు. 1834 నుంచి 1842 దాకా అబ్రహాం లింకన్ ఇల్లినాయ్‌లో ఎమ్మెల్యే. 1840 డిసెంబరులో రాష్ట్ర బ్యాంకు గొడవలో కోరం లేకుండా చెయ్యాలని ఆయన పార్టీవాళ్లు బయటికి పోబోతే, తలుపులు మూసేశారు. కొత్త భవనం పూర్తికాక సభ చర్చిలో జరుగుతోంది. లింకన్, మరో ఇద్దరు కిటికీ తెరుచుకుని దూకేశారు. దూకీ లాభం లేకపోయింది, అప్పటికే వాళ్లని హాజరు కింద లెక్కేసేశారు. అంత పొడుగు మనిషికి కిటికీ దూకడం లెక్కా అని ప్రత్యర్థులు చాన్నాళ్లు ఆటపట్టించారు.

ఏడాది జీతం వంద డాలర్లు

న్యూ హాంప్‌షైర్ చట్టసభ సభ్యుడి జీతం ఏడాదికి 100 డాలర్లు. ఏడాదికే, నెలకి కాదు. 1889లో రాజ్యాంగంలో రాసుకున్నారు, అంతే. పద్నాలుగు లక్షల జనాభాకి దిగువసభలోనే 400 మంది ఉన్నారు. అంటే మూడున్నర వేల మందికొక ఎమ్మెల్యే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో నియోజకవర్గానికి సగటున రెండు లక్షలు దాటి ఓటర్లున్నారు. టెక్సస్‌లో నెలకి 600 డాలర్లు, సభ రెండేళ్లకోసారి 140 రోజులు. ఇలాంటిచోట్ల సభ్యులు వేరే ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూనే చట్టాలు చేస్తారు.

గీత ఎక్కడ గీస్తే...

2018లో విస్కాన్సిన్ అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రమంతా కలిపి డెమొక్రాట్లకి 53 శాతం దాకా ఓట్లొచ్చాయి. సీట్లు? 99లో 36. కొన్నిచోట్ల వాళ్లకి పోటీయే లేకపోవడం ఒక కారణం, నియోజకవర్గాల గీతలు అసలు కారణం. మాడిసన్, మిల్వాకీ ఓటర్లని కొన్ని సీట్లలో కుక్కేస్తే మిగతాచోట్ల అవతలివాళ్లు తేలిగ్గా గెలుస్తారు. మాడిసన్‌లో ఉన్నందుకు రిసర్ సీటు పదిలం. ఆయన పార్టీకి మాత్రం చివరి పదేళ్లలో చాలాభాగం ప్రతిపక్షమే. 2023 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పటాల్ని కొట్టేసింది. 2024లో కొత్త పటాలతో ఎన్నిక జరిగితే రిపబ్లికన్లు 54, డెమొక్రాట్లు 45 దగ్గరికి లెక్క వచ్చింది. చూడటానికి ఆయన అప్పుడు సభలో లేరు.

పదహారు రాష్ట్రాల్లో ఇన్నేళ్లకి మించి సభ్యుడిగా ఉండకూడదని చట్టముంది. విస్కాన్సిన్ అలాంటి గీత గీసుకోలేదు. గీసుంటే ఈ కథే లేదు.

మనవాళ్లూ ఉన్నారు

నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల 2002 నుంచి 2014 దాకా న్యూ జెర్సీ అసెంబ్లీలో ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన కాట్రగడ్డ అరుణ, పెళ్లయ్యాక అరుణా మిల్లర్, సివిల్ ఇంజినీరుగా పనిచేస్తూ 2010లో మేరీల్యాండ్ దిగువసభకి గెలిచారు. 2023లో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. హైదరాబాదులోనే పుట్టిన గజాలా హాష్మీ 2019లో వర్జీనియా సెనేట్‌కి, 2025లో అక్కడి లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి గెలిచారు. వర్జీనియాలో సెనేట్‌ని నడిపేది లెఫ్టినెంట్ గవర్నరే. సభ్యురాలిగా పలికిన సభలోనే ఇప్పుడావిడ అధ్యక్షపీఠం మీద ఉన్నారన్నమాట.

ఆఖరి లెక్క

అరవై నాలుగేళ్లంటే ఇరవై మూడు వేల రోజుల పైచిలుకు. అందులో 2011 ఫిబ్రవరి 17 నుంచి మార్చి 12 దాకా ఇరవై మూడు రోజులు. అంటే వెయ్యికి ఒకటి. పేరు పిలిస్తే పలకడమే పనిగా పెట్టుకున్న మనిషిని దేశం గమనించింది మాత్రం పలకని ఆ ఒక్క వంతులోనే. ఆ ఖాళీ కుర్చీకి అంత విలువ ఎక్కడి నుంచి వచ్చిందంటే, అంతకుముందు యాభై నాలుగేళ్లు అది ఖాళీగా లేకపోవడం నుంచే.